చెన్నె పలక ముందు అక్క లేదు

మా తమ్ముడి భార్య వారిజ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడగవలసినవాళ్ళకు తీరిక లేదు. గొప్పవాళ్ళ చరిత్రలు రాయడానికైతే మా ఊళ్ళో మనుషులు దొరుకుతారు. మొన్న కోళ్ళఫారం పెట్టినాయనకు అరవయ్యేళ్ళు నిండాయని రంగుల పుస్తకం ఒకటి అచ్చువేశారు. అందులో కోళ్ళ ఫొటోలు కూడా ఉన్నాయి. వారిజకు ఫొటో అంటూ లేదు, ఓటరు కార్డు మీద ఉన్న మసకను ఫొటో అనగలిగితే తప్ప. అందుచేత ఈ పని నా మీద పడింది. పడటంలో అన్యాయమేమీ లేదు. ఈ ఊళ్ళో ఎనిమిదో తరగతి దాటిన మొదటి మనిషిని నేను. బడికి ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు పద్యమంతా తప్పు లేకుండా అప్పజెప్పి, ఆయన జేబులోని పెన్సిలు బహుమతిగా పుచ్చుకున్నవాణ్ణి. రెండుసార్లు పంచాయతీ సభ్యుణ్ణి. ఏటివైపు దారిలో మీరు ఇప్పుడు బైకుల మీద రయ్యిమని దాటిపోయే కల్వర్టు నేను తిరిగి తిరిగి తెచ్చిందే. రాతిఫలకం మీద మాత్రం వేరే ఆయన పేరుంది. రాయి చిన్నది, ఆయన పేరు పొడుగు, నాకు చోటు చాలలేదన్నారు.

నా పేరు ఐతప్ప. మంగళూరు వైపు ఉండే మా తుళువాళ్ళలో ఆదివారం పుట్టినవాడికి పెట్టే పేరు. మంగళవారం పుట్టిన మా తమ్ముడు అంగర. మా నాన్న పేర్ల కోసం తల బద్దలు కొట్టుకునే రకం కాదు, గోడ మీది క్యాలెండరు చూసేవాడు.

నా భార్య పూవక్క. ఆమె సొంత చెల్లెలే వారిజ. అక్కను నేను చేసుకున్నాను, చెల్లెల్ని మా తమ్ముడికి నేనే కుదిర్చాను. పుట్టింట్లో అక్కాచెల్లెళ్ళు, మా ఇంట్లో తోడికోడళ్ళు. ఒక ఇంట్లో రెండు వంటలు, నాలుగు గొడవలు తప్పించిన ఏర్పాటని అప్పట్లో ఊరంతా నన్ను మెచ్చుకుంది. మెచ్చుకున్నవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు గనక ఆ మాట నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

వారిజ మూడో తరగతిలో ఉండగానే వాళ్ళమ్మ ఆమె ఒళ్ళో చేట పెట్టింది. చేటలో బీడీ ఆకు, పొగాకు పొడి, కత్తెర, దారపు ఉండ. ఆ చేట మళ్ళీ దిగలేదు. ఆడుకునే వయసు అని ఒకటుంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే చుట్టడం ఆపకుండానే వినేది. పెళ్ళిచూపులకు మేం వెళ్ళినప్పుడు కూడా చేట ఒళ్ళోనే ఉంది. తల ఎత్తలేదు. మా తమ్ముడు పాపిట చూసి ఒప్పుకున్నాడు. ముఖం పీటల మీద చూశాడు. బాగానే ఉంది కాబట్టి సరిపోయింది.

ఆ బీడీలతోనే కూతుర్ని మంగళూరులో నర్సు చదువు చదివించింది. ఇంటి మీద పాత పెంకులు దింపి కొత్తవి వేయించింది. ఇక్కడ మా తమ్ముడి కష్టాన్ని కూడా తక్కువ చేయకూడదు. బీడీ కట్టల సంచిని సైకిలు మీద డిపో దాకా మోసుకెళ్ళేది అంగరే. ఆ దూరానికి వచ్చిన అలసటను టీకొట్టు బల్ల మీద మధ్యాహ్నం దాకా తీర్చుకునేవాడు. కంబళ పోటీల్లో ఎవరి దున్నలు ఎలా పరిగెత్తాయో అక్కడ వివరించాలి గదా, ఆ బాధ్యత ఇంకెవరు తీసుకుంటారు? నేనా? నేను దున్నల వెనక బురదలో స్వయంగా పరిగెత్తి పతకం తెచ్చుకున్నవాణ్ణి. పరిగెత్తినవాడికి వివరించే ఓపిక ఉండదు.

ఈ ఏడు ఏప్రిల్లో మా సంవత్సరాది, బిసు పండగ దాటాక డిపో మూసేశారు. బీడీలు తాగేవాళ్ళు తగ్గారట. ప్రజల ఆరోగ్యం బాగుపడిందని అందరూ సంతోషించారు. ఆ సంతోషంలో వారిజ మాట పడిపోయింది.

మూగదైపోయిందని కాదు. పిలిస్తే ఊఁ అనేది. పూవక్క ఒకసారి గట్టిగా నిలదీస్తే, "పని లేని చేతికి ముందుగదిలో కూర్చుని తినే హక్కెక్కడిది?" అని ఒక్క ముక్క అంది. ఆ రోజు నుంచి కంచం తీసుకుని పెరట్లో కట్టెల చావిడిలోకి పోయేది. మొద్దు మీద కూర్చుని నాలుగు మెతుకులు తినేది, మిగిలింది కోళ్ళకు వేసేది. చేతులు మాత్రం ఊరుకోలేదు. ఒళ్ళో లేని చేటలోంచి లేని ఆకు తీసి, లేని పొగాకు పోసి, చుట్టి, గోటితో మూతి నొక్కేవి. ఎదురుగా నిలబడి చూడటం కష్టంగా ఉండేది. అందుకని మేమెవరం నిలబడేవాళ్ళం కాదు. పూవక్క ఒక్కతే నిలబడేది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. "ఒంట్లో ఏమీ లేదు, ఉల్లాసంగా ఉంచండి" అన్నాడు. అది ఏ మందుల షాపులో దొరుకుతుందో చీటీ మీద రాయలేదు.

మా కోడలు శ్రద్ధ బెంగుళూరులో పెరిగిన పిల్ల. మంచిది, కాస్త తొందర. "మామయ్యా, కుటుంబమంతా రోజుకో గంట కలిసి ఆడుకోవాలట. అప్పుడు మనసులు దగ్గరవుతాయట" అంది.

"ఎవరు చెప్పారమ్మా?"

"ఫోనులో చూశాను."

ఒకే కప్పు కింద ఉన్న మనుషులు కలిసి కూర్చోవాలని చెప్పడానికి కూడా ఎక్కడో ఉన్న ఫోను కావలసి వచ్చింది. సరే, చదువుకున్న పిల్ల, కాదనలేదు. ఆ ఆదివారం సాయంత్రం అందరినీ ముందుగదిలో కూర్చోబెట్టి ఆట నేర్పింది. సినిమా పేరు మనసులో అనుకుని, నోరు విప్పకుండా, చేతులతో చూపించాలి. మిగతావాళ్ళు కనిపెట్టాలి. వారాల తరబడి నోరు విప్పని మనిషికి నోరు విప్పకుండా ఆడే ఆట! ఇంతకన్నా తగిన వైద్యం లోకంలో ఇంకోటి ఉంటుందా?

అంగర లేచి తొడ కొట్టాడు, కింద పడ్డాడు, పాకాడు. అది ప్రేమకథ అని చివర్లో తెలిసింది. తరవాత వారిజ వంతు. లేవమంటే లేచింది. మధ్యలో నిలబడింది. ఏం చూపించాలో తెలియక చేతులు వాటికి తెలిసిన పనే చేశాయి. ఆకు, పొడి, చుట్టు, మూతి.

జవాబు అందరికీ తెలుసు. శ్రద్ధే పాపం, "చిన్నత్తయ్యా, కూర్చోండి" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, లోపలికి పోయి ఏడ్చింది. మనసులు దగ్గరైన మాట నిజమే.

తరవాత వానలు పట్టుకున్నాయి, ఆటి నెల వచ్చింది. పేరు మీ చెవికి ఆటలాగా వినపడితే తప్పేం లేదు, మాకది ఆటల నెలే. పొలంలో పని ఉండదు, పడవ సముద్రంలోకి పోదు, పెళ్ళీ పేరంటం ఉండవు. ఉప్పులో ఊరేసిన పనసతొనలు, ఎండుచేపలు, చేమాకుల పత్రొడె తింటూ వానను తిట్టుకోవాలి. అప్పుడే అటక మీంచి చెన్నె పలక దిగుతుంది. రెండు వరుసల్లో గుంటలున్న చెక్క పలక, ఎర్రటి బండిగురివింద గింజలు. మీ ఇళ్ళలో చింతపిక్కలతో ఆడే వామనగుంటలే ఇది. కాకపోతే మా దగ్గర ఆటి నెల దాటితే ఆ పలక ఇంటి నేల మీద ఉండకూడదు. మళ్ళీ అటకెక్కాల్సిందే.

ఈ ఆటలో నా సంగతి ఊరికి తెలుసు. వయసులో ఉన్నప్పుడు మూడూళ్ళ ఆటగాళ్ళు మా చావడిలో, ఈ ముందుగదిలోనే, వరుసగా కూర్చుని వరుసగా ఓడిపోయి లేచారు. ఒకాయన అవమానం పట్టలేక గింజ మింగేశాడు. ఇంట్లో నన్ను ఓడించగలిగింది పూవక్క ఒక్కతే. అది కూడా నేను మర్యాదకు ఊరుకున్నప్పుడు.

పలక నేనే దింపాను. "రా వారిజా, ఒకాట వేద్దాం" అన్నాను. పెద్దవాణ్ణి పిలిచానని వచ్చి కూర్చుంది. గింజలు తీసింది, పంచింది, ఓడింది. అరువు తెచ్చుకున్న గిన్నె తిరిగిచ్చినట్టు గింజలన్నీ నా వైపు నెట్టి లేచిపోయింది. అంగరతో ఆడింది. అంగర చేతిలో ఓడటం మాటలు కాదు, దానికి చాలా నిర్లక్ష్యం కావాలి. ఓడింది. ఏడాకులపాల బెరడు కషాయం తాగే అమావాస్య వచ్చింది. ఆ చేదుకు పొరుగింటి కుక్క కూడా ముఖం తిప్పుకుంటుంది. వారిజ మంచినీళ్ళలా తాగి గ్లాసు కడిగి బోర్లించింది. గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న పూవక్క పెదవి కొరుక్కుంది.

ఆ మధ్యాహ్నమే ఆమె నా దగ్గరికి వచ్చింది.

"దాంతో నేను ఆడతాను."

"నీకు మతి పోయిందా? అక్కాచెల్లెళ్ళు ఒక పలక ముందు కూర్చోవచ్చా?"

కూర్చోకూడదు. ఇది మా దగ్గర పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఎప్పుడో పూర్వం ఇద్దరు తోబుట్టువులు చెన్నె ఆడుతూ మాటా మాటా పెంచుకుని, పలకెత్తి కొట్టుకునే దాకా పోయారట. ఆనాటి నుంచి ఒకే కడుపున పుట్టిన ఆడవాళ్ళ మధ్య ఆ పలక పెట్టరు. పూవక్క, వారిజ పుట్టి ఇన్నేళ్ళయినా ఒకరి ఎదురుగా ఒకరు ఒక్క గింజ వేసి ఎరగరు.

"మీతో ఆడితే మర్యాదకు ఓడుతుంది, మరిదితో ఆడితే విసుగుపుట్టి ఓడుతుంది. దాన్ని రెచ్చగొట్టడం మీ ఇద్దరి వల్ల కాదు. అది నాకే చేతనవును" అంది పూవక్క. "ఇంకెన్ని రోజులుంది ఆటి? పలక అటకెక్కితే మళ్ళీ ఏడాది. అప్పటిదాకా అది ఆ కట్టెల మధ్య కూర్చుంటే ఏమవుతుందో నాకు తెలుసు, మీకూ తెలుసు."

"తెలుసు. కానీ చిన్నమ్మ ఒప్పుకోవద్దూ?"

దేయి చిన్నమ్మ మా అమ్మ చెల్లెలు. ఇంటికి పెద్దది. చెవులు సగం పోయాయి, పళ్ళు మొత్తం పోయాయి, ఆచారాలు మాత్రం ఒక్కటీ పోలేదు.

"ఆవిడతో చెప్పండి. ఈ ఇంట్లో మేం అక్కాచెల్లెళ్ళం కాదు, తోడికోడళ్ళం" అని పూవక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను ఎన్నో తగవులు తీర్చాను. గట్టు తగవులు, బావి తగవులు, ఒకసారి ఒక దున్నపోతు ఇద్దరిలో ఎవరిదో తేల్చాల్సి వస్తే తాడు విప్పేసి అది ఏ ఇంటికి పోతుందో చూసి తీర్పు చెప్పాను. అది మూడో ఇంటికి పోయింది, ఆ సంగతి వదిలేయండి. కానీ ఇంత పదునైన వాదన పంచాయతీలో కూడా వినలేదు. చిన్నమ్మ ముందు కూర్చుని, నిదానంగా, గట్టిగా, విషయమంతా చెప్పాను.

"తోడికోడళ్ళా?" అంది చిన్నమ్మ.

"అవును చిన్నమ్మా. పుట్టింటి లెక్క పుట్టింట్లో. ఇది మన చావడి, మన పలక. ఇక్కడ వాళ్ళు ఇద్దరు కోడళ్ళు."

చిన్నమ్మ తమలపాకు నలుపుకుంది. "తోబుట్టువులు కొట్టుకుంటే వంశానికి చేటు. తోడికోడళ్ళు కొట్టుకుంటే ఎవడికి వింత? ఎక్కడ కొట్టుకోవడం లేదు గనక" అంది. ఆపైన వేలు ఎత్తింది. "కానీ ఒరేయ్ ఐతా, ఒక మాట. పలక ముందు కూర్చున్నంతసేపూ అక్క, చెల్లి అనే మాట రాకూడదు. నోరు జారి వచ్చిందా, ఆట అక్కడే పోయినట్టు. పలక అటకెక్కినట్టు. మళ్ళీ ఆ ఇద్దరి మధ్యా అది దిగదు. నేనుండగా దిగదు."

"సరే చిన్నమ్మా. పలక ముందు అక్క లేదు" అని నేను అందరికీ వినపడేటట్టు ప్రకటించాను. ప్రకటించడంలో నాకు మంచి పేరుంది.

మరునాడు మధ్యాహ్నం ఇద్దరూ కూర్చున్నారు. వాన దంచుతోంది. మంగళూరు పెంకుల మీద వాన పడుతుంటే ఇంట్లో మాట్లాడుకోవడమంటే పోట్లాడుకున్నట్టే ఉంటుంది. చిన్నమ్మ చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని పలక పక్కనే ఆసీనురాలైంది. అక్క అనే మాట ఎక్కడ జారుతుందా అని ఆవిడ, జారకపోతే బాగుండునని మేము.

"ఊఁ, వెయ్యవమ్మా, చిన్న కోడలా" అంది పూవక్క.

వారిజ వేసింది. యథాప్రకారం చేతులే ఆడుతున్నాయి, మనిషి కట్టెల చావిడిలోనే ఉంది. కాసేపటికి పూవక్క గింజలు పంచుతూ పంచుతూ ఒక గింజ గుంటలో వేయకుండా వేళ్ళ మధ్య దాచి, తీరిగ్గా నడుముకు దోపుకున్న వక్కల సంచిలో వేసుకుంది. చాటుగా కాదు. నేను చూశాను, అంగర చూశాడు, గుమ్మంలో శ్రద్ధ చూసింది. వారిజ కూడా చూసింది. చూసి, తన వంతు గింజలు తీసుకుంది.

నాకు తల కొట్టేసినట్టయింది. పూవక్క దొంగాట! ఆమెకు దాని అవసరమేముంది? ఎదురుగా ఎవరు కూర్చున్నా నిద్రలో గెలిచే మనిషి. ఆట అయ్యాక వంటింట్లో నిలదీశాను.

"సిగ్గు లేదూ? కోడలు చూసింది."

"అది చూసిందా?"

"ఎవరు, శ్రద్ధా?"

"శ్రద్ధ కాదు, అది. వారిజ."

"ఎందుకు చూడదు, కళ్ళు లేవా?"

"చూసి ఏమంది?"

"ఏమంటుంది? ఏమీ అనలేదు."

పూవక్క పొయ్యిలో కట్టె ఎగదోసింది. "అయితే రేపు రెండు తీస్తాను" అంది.

రెండు తీసింది. మూడోనాడు ఎన్ని తీసిందో లెక్కే లేదు. పంటకు వచ్చిన పందికొక్కులా పలక మీద పడింది. చిన్నమ్మకు గింజలు కనిపించవు, ఆవిడ పహరా అంతా మాట మీదే. అంగర నా చెవిలో, "అన్నా, వదిన ఇంత ఘోరమా? ఇన్నాళ్ళూ మనం ఈవిడ చేతి లెక్కతోనా కూర తింటున్నది?" అన్నాడు. నోరు మూసుకోమన్నాను.

ఆనాడు ఒక చిత్రం జరిగింది. వారిజ వైపు గింజలు పోగుపడసాగాయి. ఇంత దొంగతనం జరుగుతున్నా ఆమె గెలుస్తోంది. ఎప్పుడు మొదలుపెట్టిందో మేం గమనించలేదు గాని, వేసే ముందు ఆగుతోంది. గుంటల మీద కళ్ళు ముందుకీ వెనక్కీ నడుస్తున్నాయి. ఒళ్ళో రెండో చెయ్యి కదలడం లేదు. మోకాలి పక్కన గెలిచిన గింజల కుప్ప ఎర్రగా పెరుగుతోంది. ఇంకొక్క ఎత్తు, గింజలు ఎక్కువగా చేరిన పెద్ద గుంట ఆమెదే, ఆట ఆమెదే.

సరిగ్గా అప్పుడు పూవక్క చెయ్యి పలక దాటి వచ్చింది. పలక మీది గింజలు కాదు, వారిజ మోకాలి దగ్గర కుప్పలోంచి, గుప్పెడు.

వారిజ ఆ మణికట్టు పట్టుకుంది. కత్తెర పట్టిన పట్టు అది, ఊడిరాదు.

"అక్కా! దొంగదానా! పెట్టు! కింద పెట్టు నా గింజలు!"

పెంకుల మీది వానను మించి వినపడింది. పెరట్లో కోళ్ళు అరిచాయి. శ్రద్ధ చేతిలో గరిటె జారింది. నాలుగు నెలల మాట ఒక్కసారిగా వచ్చేసరికి గొంతు బొంగురుపోయి వారిజే దగ్గింది.

"అంది!" అని చిన్నమ్మ నేల మీద చరిచింది. "అక్కా అంది! నేను విన్నాను! ఆట పోయింది. ఒరేయ్ ఐతా, పలకెత్తు."

నేను లేచాను. నియమం నియమమే, ప్రకటించింది నేనే. పూవక్క ముఖం పాలిపోయింది. వచ్చిన మాట ఆ పలకతోబాటే అటకెక్కిపోతుందని ఆమె భయం. నేను వంగి పలకకు చెయ్యి వేశాను. రెండో వైపు వారిజ చెయ్యి పడింది.

"ఎందుకెత్తుతారు బావా?"

"అక్కా అన్నావు గదమ్మా."

"నేననలేదు."

"ఊరంతా విన్నదే!"

"పూవక్కా అన్నాను. పేరు పెట్టి పిలిచాను. తోడికోడల్ని పేరుతో పిలవకూడదని మీ నియమంలో ఉందా? చెప్పారా నాకు?"

చిన్నమ్మ చెవి దగ్గరి చెయ్యి దింపింది. "పూవ నాకు వినపడలేదే?"

"ఎలా వినపడుతుంది చిన్నత్తా, ఈ వానలో? పూవ పెంకుల మీద పోయింది, మిగిలింది మీ దాకా వచ్చింది."

"పెద్ద కోడల్ని పేరు పెట్టి పిలుస్తావటే, సిగ్గులేనిదానా?"

"దొంగకు పేరే ఎక్కువ" అంది వారిజ.

నేను కూర్చున్నాను. నా జీవితంలో ఎందరో వాదించడం విన్నాను, తాలూకా కోర్టులో నల్లకోటువాళ్ళను కూడా విన్నాను. గెలిచే ఆటను కాపాడుకోవడానికి ఒక మనిషి వానను సాక్షిగా పిలవడం అదే మొదటిసారి. సాక్షుల్ని విచారించాలన్నాను.

"అంగరా, నువ్వేం విన్నావు?"

అంగర పెళ్ళాం వైపు చూశాడు, చిన్నమ్మ వైపు చూశాడు. "నేను వక్క కొరుకుతున్నానన్నా. నా పళ్ళ చప్పుడే విన్నాను" అన్నాడు. టీకొట్టులో ఇన్నేళ్ళు కూర్చున్నది ఊరికే పోలేదు.

"పూవక్కా, నువ్వు చెప్పు. నిన్నేమని పిలిచింది?"

పూవక్క మణికట్టు ఇంకా చెల్లెలి చేతిలోనే ఉంది. కళ్ళు తుడుచుకోవడానికి రెండో చెయ్యే దిక్కయింది. "పూవక్కా అనే అంది. నాకు పూర్తిగా వినపడింది" అంది. తనను దొంగ అన్న మనిషి తరఫున నిలబడి సాక్ష్యం చెప్పిన దొంగను నేను ఏ పంచాయతీలోనూ చూడలేదు.

"చిన్నమ్మా, తీర్పు చెబుతున్నాను. పిలిచింది పేరే. ఆట నిలుస్తుంది" అన్నాను.

చిన్నమ్మ మమ్మల్నందరినీ ఒక్కొక్కరినే చూసింది. ఆవిడకు చెవులు సగమే పోయాయి. "వాన పెద్దదే" అని గొణిగి, తమలపాకు బుగ్గన పెట్టుకుంది.

"ఆట సరే. ముందు ఆ సంచి విప్పించండి బావా" అంది వారిజ.

సంచి విప్పించాం. వక్కలకన్నా గింజలే ఎక్కువ రాలాయి. మూడు రోజుల సంపాదన.

"చూడండి! నిన్న గింజలు తక్కువయ్యాయని నువ్వే గొణిగి, పిల్లి ఆడుకుని ఎక్కడో పడేసిందన్నావు! ఆ పిల్లి నువ్వేనన్నమాట!"

"నేనెప్పుడన్నానే?"

"అన్నావు. మొన్న కూడా తీశావు, ఇటువైపు గుంటలోంచి. చూడలేదనుకున్నావా? చూసి ఊరుకున్నాను."

"ఎందుకు ఊరుకున్నావే మరి?"

"ఎంత దూరం పోతావో చూద్దామని!"

అన్నం వేళయింది. శ్రద్ధ వచ్చి పిలిస్తే ఎవరూ కదలలేదు. ఆ పిల్ల తెలివైనది. ఏమీ అనకుండా ముందుగదిలోనే వరుసగా ఆకులు వేసి, గిన్నెల్లో గంజి, పత్రొడె, ఎండురొయ్యల పచ్చడి తెచ్చి పెట్టింది. వాదన ఆగలేదు. వారిజ మాట్లాడుతూనే జరిగి ఆకు ముందు కూర్చుంది, మాట్లాడుతూనే కలిపింది. ఎక్కడ కూర్చుందో ఆమెకు మేమెవరం గుర్తు చేయలేదు. అంగర తన ఆకులోని రొయ్యల పచ్చడి మెల్లిగా ఆమె ఆకులోకి తోశాడు. అది కూడా గమనించకుండా తినేసింది. "పోనీ, గెలవడానికి తీశావా అంటే గెలిచిందీ లేదు!" అని అక్కను దెప్పుతూ మారు వడ్డించమని గిన్నె జరిపింది. శ్రద్ధ చేతిలో ఫోను మెల్లగా లేవబోయింది, ఈ సన్నివేశాన్ని లోకానికి చూపుదామని కాబోలు. నేను చూసిన చూపుకు దానంతట అదే కొంగు చాటుకు పోయింది.

ఇప్పుడు మా ఇంట్లో పరిస్థితి ఏమిటని అడుగుతారేమో. చెబుతాను. ఉల్లాసం బాగా ముదిరింది. మధ్యాహ్నం కునుకు తీసే యోగం నాకు పోయింది. కోళ్ళకు మెతుకులు పడటం లేదు, అవి చిక్కిపోవడం చూడలేం. చేసిన కూరలో ఉప్పు దగ్గర్నుంచి నా కల్వర్టు వంపు దాకా వారిజకు అభిప్రాయాలున్నాయి. ఇన్నేళ్ళూ చేటలో తల దించుకుని ఇవన్నీ ఎక్కడ దాచిపెట్టిందో తెలియదు. చేతులు ఖాళీగా కదలడం అప్పుడప్పుడూ ఉంది. లేదంటే అబద్ధమవుతుంది. కదిలినప్పుడు పూవక్క వాటిలో నాలుగు గింజలు పోస్తుంది.

మిగిలిన ఆటి రోజుల్లో పూవక్క ఒక్కసారి కూడా గింజ తీయలేదు. నిజాయితీగా ఆడి రోజూ గెలిచింది. వారిజ రోజూ తిట్టింది. చివరిరోజు పలక కడిగి ఆరబెట్టే ముందు ఒక్క ఆటకు వేళ ఉంది. పూవక్క వంటింట్లో ఉంది. వారిజ పలకను నా వైపు తిప్పింది.

"మీరు రండి బావా. మూడూళ్ళ వాళ్ళను ఓడించారట గదా."

"ఓడించానే. ఊళ్ళో ఎవర్నైనా అడుగు."

"అడగను. చొక్కా చేతులు మడుచుకుని కూర్చోండి, మోచేతుల పైదాకా" అంది. "రెండు చేతులూ నాకు కనపడాలి."